‘ముందెంత’ పెద్దమ్మ

మా పెద్దమ్మ ముందు తూచకుండా దేన్నీ ముట్టుకోదు, ఎవరు చెప్పిందీ నమ్మదు. ప్రపంచంలో ఏం జరిగినా ఆవిడ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ముందెంత?"

"పెద్దమ్మా, నాకు జ్వరం తగ్గింది" అంటే "ముందెంత?" అంటుంది. సరే, అది న్యాయమైన ప్రశ్నే. "పెద్దమ్మా, పక్కింటావిడ బాగా చిక్కిపోయింది" అంటే "ముందెంత?" అంటుంది. అదీ పోనీలే అనుకోవచ్చు. ఒకసారి గారాలు పోతూ "పెద్దమ్మా, ఈ మధ్య నాకు నీ మీద ప్రేమ పెరిగిందే" అన్నాను. దానికీ "ముందెంత?" అంది. ఇలాంటి మనిషితో ఎలా వేగాలో మీరే చెప్పండి.

ఆవిడది వెండి పూత పని. కార్ఖానా అంటారు కానీ ఉన్నవి రెండు గదులు. ముందు గదిలో పూత తొట్టి, కరెంటు పెట్టె, అద్దాల అరలో దొరసానిలా కూర్చునే కాటా. వెనక గదిలో మెరుగు పెట్టే చక్రం. హోటళ్ళ చెంచాలు, ట్రేలు, ఆటల పోటీల కప్పులు, అప్పుడప్పుడు సొట్టలు పడ్డ బాకా ఒకటి, ఇవీ మా దగ్గరికి వచ్చే సరుకులు.

పని చూడ్డానికి చాలా తేలిక. తొట్టిలో ఒక పక్క వెండి పలకలు, ఇంకో పక్క చెంచాలు వేలాడదీసి కరెంటు పంపిస్తే, పలకల్లోని వెండి కరిగి చెంచాల మీదికి చేరుతుంది. ఎంత చేరిందో తెలుసుకోడానికి చెంచా గీకి చూడక్కర్లేదు. ఎన్ని ఆంపియర్ల కరెంటు, ఎన్ని సెకన్లు అన్నది తెలిస్తే కాగితం మీదే లెక్క కట్టేయొచ్చు. ఒక ఆంపియరు గంటసేపు పంపితే నాలుగు గ్రాముల పైచిలుకు వెండి పడుతుంది. రసాయన శాస్త్రం చదివినవాళ్ళకి అది పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న. మా పెద్దమ్మకి అది మతం. ముందు తూచాలి, లెక్క కట్టాలి, పూత వేయాలి, మళ్ళీ తూచాలి. లెక్క చెప్పిందీ కాటా చెప్పిందీ ఒకటైతేనే ఆ పూట ఆవిడకి టీ గొంతు దిగుతుంది.

ఆ మతం కార్ఖానాలోనే ఉండిపోతే మాకు గొడవే లేదు. అది ఇంటికి కూడా వచ్చేది. పెద్దనాన్న క్షవరానికి వెళ్ళేముందు ఆయన్ని కాటా ఎక్కించేది, తిరిగొచ్చాక మళ్ళీ ఎక్కించేది.

"నలభై గ్రాములు తీశాడండీ. గడ్డంతో కలిపేనా?"

"కలిపే" అనేవాడు పెద్దనాన్న పేపరులోంచి తల ఎత్తకుండా.

"మరి పోయినసారి గడ్డం లేకుండానే యాభై తీశాడే! ఈ మంగలి చెయ్యి తగ్గించాడు."

"జుట్టే తగ్గిందేమోనే" అనేవాడాయన శాంతంగా.

వానాకాలంలో గుమ్మం దగ్గర గొడుగు కూడా తూచి లోపలికి రానిచ్చేది, ఇంట్లోకి ఎంత వాన వచ్చిందో తెలియాలట. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడైతే నేను పక్కనే ఉన్నాను. ఆయన మర్యాదగా బరువు చూసుకోమన్నాడు. పెద్దమ్మ చేతిసంచీలోంచి కిలో రాయి తీసి ముందు దాన్ని ఆయన మిషను మీద పెట్టింది. ముల్లు కిలోంపావు చూపించింది. ఆయన గతుక్కుమన్నాడు.

"ఇంతకీ ఒంట్లో ఎలా ఉందమ్మా?" అన్నాడు కాస్త తేరుకుని.

"దేనితో పోలిస్తే?" అంది పెద్దమ్మ.

మనుషుల్ని కూడా ఆవిడ ఆంపియర్లలోనే కొలిచేది. కరెంటు ఎక్కువ పెడితే పూత త్వరగా పడుతుంది కానీ నల్లగా మాడిపోతుంది. తక్కువ పెట్టి ఎక్కువసేపు ఉంచితే పడే వెండి అంతే, కాని నున్నగా పడుతుంది. అందుకని నన్ను "పన్నెండు ఆంపియర్ల పిల్ల" అనేది. నోరు జారినప్పుడల్లా "మాడింది, మాడింది" అని గుర్తుచేసేది. పెద్దనాన్న అర ఆంపియరు మనిషి. "ఆయన ముప్ఫై ఏళ్ళ నుంచి మెల్లిగా పడుతున్నారే. ఎక్కడా మచ్చ లేదు" అని మురిసిపోయేది. ఆ మాటకి ఆయన సంతోషించాడో లేదో నాకు తెలీదు. పేపరు అడ్డం ఉండేది.

డిగ్రీ అయ్యాక నేను ఆ కార్ఖానాలోనే పనికి చేరాను. తొట్టి దగ్గర నిలబడి మీటరు చూడటం, టైము పెట్టడం, రిజిస్టరు రాయడం నా పని; తూకం మాత్రం పెద్దమ్మ ఎవరికీ వదలదు. చెంచాలైతే వాయికి పన్నెండు. అయిదు ఆంపియర్లు, ఇరవై నిమిషాలు, ఆరు గ్రాముల డెబ్భై ఒకటి. అట్లకాడ తప్ప అన్నీ ఉన్న పని కాబట్టి మేం దాన్ని వాయి అనే అనేవాళ్ళం.

వెనక గదిలో చక్రం ముందు కూర్చునేది చక్రం తాత. తొట్టిలోంచి తీసిన వెండి పాలిపోయి సున్నం కొట్టినట్టు ఉంటుంది. గిర్రున తిరిగే గుడ్డ చక్రానికి ఆనించి రుద్దితేనే మెరుపు. పెద్దమ్మ వాళ్ళ నాన్న కార్ఖానా పెట్టిన నాటినుంచీ ఆ పని తాతదే. పెద్దమ్మ ఆయన్ని బాబాయ్ అంటుంది. ఆయనకి మాత్రం ఆవిడ ఇంకా గౌను వేసుకున్న పిల్లే.

"అమ్మాయ్, ఆ కాటా ఒకటి పట్టుకుని వేళ్ళాడతావేం? పూత సరిగా పడిందో లేదో నాకు వేలితో తడిమితే తెలిసిపోతుంది" అనేవాడు.

"ఎన్ని గ్రాములు పడిందో తెలుస్తుందా బాబాయ్?"

"గ్రాములు నువ్వు చూసుకో. మెరుపు నేను చూసుకుంటా."

తాతకి చక్రమే లోకం. ఒకసారి ఆయన కూతురు బలవంతాన వారం రోజులు తన ఇంటికి తీసుకెళ్ళింది. మొదటి రెండు రోజుల్లో ఆ ఇంట్లో తలుపు గొళ్ళాలన్నీ అద్దాలయ్యాయి. మూడో రోజు పక్కింటాయన గుమ్మానికున్న ఇత్తడి నేంప్లేటు పట్టుకుని, దాని మీది పేరు అరిగిపోయేదాకా రుద్దాడు. ఆయన ఇప్పటికీ పేరు లేకుండానే కాపురం చేస్తున్నాడు. నాలుగో రోజు కూతురే తాతని తీసుకొచ్చి మా కార్ఖానాలో దింపి వెళ్ళిపోయింది.

అలాంటి తాతకి పౌరుషం కూడా జాస్తి. "చెయ్యి చెడిన రోజు నాకు ఒకళ్ళు చెప్పక్కర్లేదు. నేనే లేచి చెప్పులేసుకుంటా" అనేవాడు. ఊరికే జరుగుబాటు చూస్తామంటే పుచ్చుకునే రకం కాదు.

ఈ మధ్య ఆరేడు నెలలుగా పెద్దమ్మ చాదస్తం ముదిరి పాకాన పడింది. ఇరవై నిమిషాలయి గంట మోగుతుంది. నేను స్విచ్చి మీద చెయ్యి వేస్తాను. సరిగ్గా అప్పుడే ఆవిడ కాటా మీద ఏదో ఒకటి పెట్టుకుని కూర్చుని ఉంటుంది.

"ఉండవే! నా కళ్ళజోడు తూస్తున్నా."

"నువ్వు కళ్ళజోడు తూచుకో పెద్దమ్మా, నేను కరెంటు ఆపుకుంటా."

"స్విచ్చి టక్కుమంటే కాటా అదురుతుంది. కాస్త నిలబడనీ."

తర్వాతి వాయికి తాళం చెవి. ఆ తర్వాత నిమ్మకాయ. ఆ తర్వాత తన ఎడమ చెప్పు. ఒకసారి ఏమీ దొరక్క తలపిన్ను తీసి పెట్టింది. ఆవిడ తూచడం అయ్యాక తల ఊపితే అప్పుడు నేను స్విచ్చి ఆపాలి. రిజిస్టరులో మాత్రం ఇరవై నిమిషాలే రాయాలి. మా పెద్దమ్మకి మతి తప్పుతోందని నేను పెద్దనాన్నతో కూడా చెప్పాను.

"ముందెంత ఉండేది?" అన్నాడాయన. ముప్ఫై ఏళ్ళ సావాసం మరి!

ఒకరోజు తాత జ్వరమొచ్చి రాలేదు. చక్రం పని నేనే చేస్తానన్నాను. ఆ రోజు గంట మోగీ మోగకముందే పెద్దమ్మ "ఆపు!" అని కేకేసింది.

"కళ్ళజోడు తూచవా?"

"నిన్న తూచాగా. రోజూ తూస్తే బరువు మారుతుందా ఏంటి?" అంది.

నాకు అనుమానం వచ్చింది. ఆ రోజంతా ఏ వాయికీ ఆవిడ ఏదీ తూచలేదు. మర్నాడు తాత వచ్చాడు, నిమ్మకాయ కాటా ఎక్కింది. నేను చేతి గడియారం చూశాను. తొంభై సెకన్లు. తర్వాత తాళం చెవి, తొంభై సెకన్లు. ఎడమ చెప్పు, తొంభై సెకన్లు. అయిదు ఆంపియర్లకి తొంభై సెకన్లంటే ఎంతో రిజిస్టరు వెనక కట్టి చూశాను. అర గ్రాము వెండి.

ఆవిడ టీ తాగుతున్నప్పుడు తాత చక్రం మీదికి వెళ్ళబోయే చెంచాలు తూచాను. తిరిగొచ్చాక మళ్ళీ తూచాను. నిన్న నా చేతిలో అరిగిందని పెద్దమ్మ తూచి చెప్పినదానికంటే అర గ్రాము ఎక్కువ అరిగింది. అంటే, తాత అదనంగా రుద్దేసే అర గ్రాముని ఈవిడ ముందే అదనంగా వేసి పంపుతోంది. నేను రిజిస్టరు తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను.

"పెద్దమ్మా, నిమ్మకాయ బరువు అర గ్రామేంటే?"

ఆవిడ వెనక గది వైపు చూసి నా చెయ్యి పట్టుకుని వీధి గుమ్మం దాకా లాక్కెళ్ళింది.

"మెల్లిగా ఏడు. బాబాయ్ వేళ్ళకి స్పర్శ తగ్గింది. ఎంత నొక్కుతున్నాడో ఆయనకి తెలియట్లేదు. తెలిస్తే ఆ పూటే లేచి వెళ్ళిపోతాడు. ఇంటికెళ్ళి ఒక్కడూ గోడలు చూస్తూ కూర్చోవాలా?"

"మరి పోయిన వెండి?"

"ఎక్కడికి పోతుందే? చక్రం కింద దుమ్ములో ఉంది. ఏడాదికోసారి ఆ దుమ్ము కరిగిస్తాంగా, మన వెండి మనకే వస్తుంది. చెంచాల వాళ్ళకి ఇవ్వాల్సింది వాళ్ళకి వెళ్తోంది."

"రిజిస్టరులో ఇరవై నిమిషాలని రాయిస్తున్నావుగా. అది అబద్ధం కాదూ?"

ఆవిడ ముఖం చిన్నబోయింది. "అదే నన్ను తినేస్తోంది. ఆ పుస్తకంలో మా నాన్న హయాం నుంచీ ఒక్క తప్పు అంకె లేదు" అంది. నాకు ఆవిడ మీద ఎంత జాలి వేసిందంటే, ఆ రోజు నుంచీ ఆవిడ మరిచిపోతే నేనే నిమ్మకాయ అందించేదాన్ని.

వారం తర్వాత తొట్టిలో కొత్త వెండి పలకలు వేశాం. పాతవి అనుకున్నదానికంటే ముందే అరిగిపోయాయి మరి. వేసేముందు పెద్దమ్మ అలవాటు ప్రకారం పలకల్ని తూచి, నాలుగు కిలోల పన్నెండు గ్రాములని చీటీ రాసి తొట్టికి కట్టింది. ఆ చీటీయే కొంప ముంచింది.

కార్ఖానాలో సగం వాటా మా మావయ్యది, అంటే పెద్దమ్మ తమ్ముడిది. ఇస్త్రీ చొక్కా వేసుకుని నెలకోసారి వచ్చి, రిజిస్టరు తిరగేసి, టీ తాగి వెళ్ళేవాడు. ఈసారి చంకలో రంగుల పుస్తకం ఒకటి పెట్టుకొచ్చాడు. అందులో మెరుగు పెట్టే మిషను బొమ్మలున్నాయి. మనిషి అక్కర్లేదట, చెంచా ఒక వైపు వేస్తే ఇంకో వైపు మెరుస్తూ వస్తుందట.

"పలకలు ముందే అయిపోయాయన్నావు కదక్కా. అందుకే ఈసారి తూచి చూద్దామనుకుంటున్నా" అన్నాడు. పలకలు తీయించి, తుడిపించి, కాటా మీద పెట్టించాడు. పెట్టించి, మా పెద్దమ్మ వైపు తిరిగి అన్నాడు.

"ముందెంత?"

జన్మలో మొదటిసారి ఆ ప్రశ్న ఎదురు తిరిగి ఆవిడ మీదికే వచ్చింది. పెద్దమ్మ దొంగకు తేలు కుట్టినట్టు నిలబడింది. చీటీ తొట్టికే వేళ్ళాడుతోంది. మావయ్య తనే చదువుకున్నాడు.

"నాలుగు వేల పన్నెండు. ఇప్పుడు రెండు వేల రెండొందల ఎనభై రెండు. కరిగింది పదిహేడు వందల ముప్ఫై. రిజిస్టరు ప్రకారం రెండొందల నలభై వాయిలకి చెంచాల మీదికి వెళ్ళింది పదహారు వందల పది. నూట ఇరవై గ్రాములు ఎక్కడికెళ్ళిందక్కా?"

వెనక గదిలో చక్రం ఆగిపోయింది. తాత చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏంటబ్బాయ్, వెండి తగ్గిందా?"

"తగ్గింది బాబాయ్. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దొంగెవరూ లేరనుకో. తొట్టిలో లేదు, చెంచాల మీద లేదు. ఇక మిగిలింది..." అంటూ మావయ్య చంకలోని రంగుల పుస్తకం బల్ల మీద పెట్టాడు.

ఆయన నోట తర్వాత రాబోయే మాట చక్రం అని నాకు తెలుసు. ఆ మాట వింటే తాత వంగి చెప్పులు వెతుక్కుంటాడనీ తెలుసు. నేను నోరు తెరిచాను, పన్నెండు ఆంపియర్లు కదా, కానీ పెద్దమ్మ నాకంటే ముందే అందుకుంది.

"లెక్క తప్పు కట్టాను."

గదిలో కాటా కూడా ఊపిరి బిగబట్టింది. లెక్క తప్పు కట్టడం! మా పెద్దమ్మ!

"ఏం తప్పు?" అన్నాడు మావయ్య.

"వెండికి రాగి లెక్క వేశాను."

ఇది మీకు కాస్త విప్పి చెప్పాలి. ఈ లెక్కలో చివర ఒక అంకెతో భాగించాలి. అది లోహాన్ని బట్టి మారుతుంది. రాగికి రెండు, వెండికి ఒకటి. వెండి పూత వేసేవాళ్ళు దాన్ని మరిచిపోవడమంటే తమ ఇంటికి తామే దారి అడగడం లాంటిది. వెండిని రెండుతో భాగిస్తే వాయికి ఆరు డెబ్భై ఒకటి రావాల్సిన చోట మూడు ముప్ఫై అయిదే వస్తుంది.

"అన్నిటికీ కాదు" అంది పెద్దమ్మ గబగబా. "ముప్ఫై ఆరు వాయిలకి అలా వేశాను. మూడు ముప్ఫై అయిదు చొప్పున రిజిస్టరులో తక్కువ పడింది. చూసుకో."

నేను మనసులో గుణించాను. నూట ఇరవై, పైన చిల్లర. అప్పటికప్పుడు, నిలబడ్డ చోట, తూకం తప్పకుండా అబద్ధమాడింది మహాతల్లి! గ్రాము అటూ ఇటూ అయ్యే అబద్ధం ఆడటం ఆవిడ వల్ల కాలేదు.

అందరికంటే ముందు తేరుకున్నది తాత. పకపకా నవ్వాడు.

"చెప్పానా! ఎన్నాళ్ళుగా చెప్తున్నా! అంకెలు పట్టుకుని వేళ్ళాడకే అమ్మాయ్, వేలితో తడిమి చూడు అని. వెండికి రాగి లెక్కేంటే? మీ నాన్న వింటే ఏమయ్యేవాడు?"

"తప్పే బాబాయ్" అంది పెద్దమ్మ తల వంచుకుని. ఆవిడ తల వంచుకోవడం నేను చూడటం అదే మొదలు.

తాత ఇంకా నవ్వుకుంటూనే వెళ్ళి చక్రం ముందు కూర్చున్నాడు. మావయ్య మాత్రం రిజిస్టరు తెరిచాడు. ఆ పుస్తకంలో రెండొందల నలభై వరసలూ నా చేతిరాతే, ప్రతి వరసలోనూ ఆరు డెబ్భై ఒకటే. మూడు ముప్ఫై అయిదు భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.

ఆయన మొదటి పేజీ చూశాడు. రెండోది చూశాడు. వేలు పెట్టి చివరిదాకా దిగాడు. వెనక గదిలో చక్రం మళ్ళీ తిరగడం మొదలైంది. చెంచా ఆనగానే అది బరువు మోసేవాడిలా మూలిగింది. మావయ్య ఆ మూలుగు విన్నాడు. తాత వీపు వైపు, ఆ తర్వాత అక్క ముఖం వైపు చూశాడు. ఆయన కూడా ఆ కార్ఖానాలో ఆ చక్రం పక్కన పెరిగినవాడే.

"ఆఁ, ఇదిగో, ఇక్కడుంది" అన్నాడు తాతకి వినపడేలా. "ముప్ఫై ఆరే. సరిపోయిందక్కా." రిజిస్టరు మూసి, రంగుల పుస్తకం మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు.

మూడో రోజున ఒక మెకానిక్కుని తీసుకొచ్చి చక్రం వేగం తగ్గించేలా కప్పీ మార్పించాడు. గుడ్డ కూడా మెత్తటిది వేయించాడు. "బెల్టు పాతబడింది బాబాయ్, కొన్నాళ్ళు మెల్లిగా నడపాలి" అని తాతతో చెప్పాడు. ఇప్పుడు అదనంగా అరిగేది అర గ్రాములో మూడో వంతే. తొంభై సెకన్లు ముప్ఫైకి దిగాయి కాబట్టి పెద్దమ్మ చెప్పుల జోలికి పోకుండా తలపిన్నుతో సరిపెట్టుకుంటోంది. రిజిస్టరులో 'మెరుగు అరుగుదల' అని కొత్త గడి కూడా గీసింది. సెకన్లన్నీ అందులో నిజాయితీగా రాయిస్తోంది. తాత రిజిస్టరు చదవడు, అది ఆడపిల్లల గొడవ అంటాడు.

కానీ మావయ్య ఊరికే వదిలిపెట్టే తమ్ముడా? పలకలు తూచిన రోజే వెళ్ళేముందు సుద్దముక్క తీసుకుని, తొట్టి పైన గోడ మీద, గుమ్మంలోంచి వచ్చే ప్రతివాళ్ళకీ కనపడేలా, మూరెడు అక్షరాలతో రాశాడు: 'వెండికి ఒకటి.' తర్వాతి నెల సుద్ద చెరిగిపోతోందని నల్లరంగు డబ్బా తెచ్చి దిద్దాడు. అక్క మళ్ళీ మరిచిపోకూడదు కదా అన్నాడు.

చెంచాలు తెచ్చే హోటలు మేనేజరు అది చదివి, "ఇదెందుకండీ?" అని అడుగుతాడు. కాలేజీ పిల్లలు పూత పని చూడ్డానికి వస్తే, వాళ్ళ మాస్టారు ఆ రాత చూసి ఇబ్బందిగా దగ్గుతాడు. పెద్దమ్మ ముఖం కందగడ్డలా అవుతుంది. చెరిపేయడానికి వీల్లేదు. చెరిపేస్తే తాత ఊరుకోడు.

"ఉండనీ అమ్మాయ్, ఉండనీ. తప్పు చెయ్యడం తప్పు కాదు, మళ్ళీ చెయ్యడమే తప్పు" అని చక్రం దగ్గర్నుంచి ఓదారుస్తాడు.

ఇప్పుడు మావయ్య ప్రతి నెలా వచ్చి, రిజిస్టరు ముట్టుకోకుండా, కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటాడు. "అక్కా, వెండికెంత?" అని అడుగుతాడు, ముఖంలో నవ్వు కనపడకుండా. మా పెద్దమ్మ పళ్ళు కొరుకుతూ ఆయన వైపు చూస్తుంది. వెనక గదిలో చక్రం ఆగుతుంది.

"తొందరపడకే అమ్మాయ్" అంటాడు తాత గుమ్మంలోంచి, ఎంతో ప్రేమగా. "గోడ మీద ఉందిగా, చూసి చెప్పు."

ఆవిడ బుద్ధిగా గోడ వైపు తిరిగి, కళ్ళజోడు సర్దుకుని, కూడబలుక్కుంటూ చదువుతుంది.